క్యూలో ఫ్రెంచి మాట్లాడరాదు

మాంట్రియల్‌లో కాలుపెట్టిన ప్రతి మనిషికీ ఆ క్షణం నుంచే మూడు ఉచితంగా లభిస్తాయి: మంచు, ఆ మంచును ఎత్తిపోసుకునే బాధ్యత, ఫ్రెంచి పాఠాలు. మొదటి రెండింటినీ మనం వెతుక్కోనక్కర్లేదు, అవే గుమ్మంలోకి వస్తాయి. మూడోదాన్ని వెతికిపెట్టడానికి భాషా స్వాగత కార్యాలయమనే ఒక సంస్థను, ఒక టెలిఫోన్ నంబరును, ఏడు పేజీల దరఖాస్తును, ముస్యో తెబెర్జ్ అనే ఒక మనిషిని ఏర్పాటు చేశారు. ఇన్ని ఏర్పాట్ల తరవాత కూడా ఎవరికైనా ఫ్రెంచి రాలేదంటే అది ఆ మనిషి తలరాతే.

నూబియా ఒర్దోన్యెస్‌కి ఈ తలరాత సంగతి వచ్చిన ఐదు నెలలకు తెలిసింది. కొలంబియాలో, బుకరమాంగాలో, ఆవిడ పన్నెండేళ్ళు మందుల షాపు నడిపింది. ఎవరు ఏ మాత్ర ఎన్ని పూటలు మింగాలో, ఎవరి మొగుడు ఏ మందు ఎవరికీ చెప్పొద్దని కొనుక్కెళ్ళాడో అన్నీ నోటికి ఉండేవి. ఆ నోరు ఇక్కడ విమానం దిగగానే మూతపడింది. భర్త విల్మర్ కోళ్ళు కోసే ఫ్యాక్టరీలో చేరాడు. "కోళ్ళకి ఫ్రెంచి అక్కర్లేదు, కాబట్టి నాకూ అక్కర్లేదు" అని ఆ విషయం అక్కడితో ముగించాడు. తొమ్మిదేళ్ళ కూతురు సరాయీ మాత్రం బళ్ళో వేసిన కొన్నాళ్ళకే గలగలా మాట్లాడేసింది. ఆ రోజునుంచి ఆ ఇంటికి పెద్ద సరాయీ.

ఇది మాటవరసకు అన్నది కాదు. ఇంటి ఓనరుతో మాట్లాడేది సరాయీ. కరెంటువాళ్ళతో పోట్లాడేది సరాయీ. నూబియా నడుంనొప్పి గురించి డాక్టరు ఆరు నిమిషాలు వివరంగా చెబితే, దాన్ని ఒక్క ముక్కలో తేల్చేది సరాయీ: "కుక్కపిల్లని పెంచుకుంటే తగ్గుతుందంట."

నవంబరులో బడివాళ్ళు తల్లిదండ్రుల్ని పిలిచి మార్కుల కాగితం చేతికిస్తారు. ఆ సాయంత్రం టీచరు మదాం జోజియాన్ నుదురు ముడేసుకుని నాలుగు నిమిషాలు ఏకధాటిగా మాట్లాడింది.

"ఏమంటోందే?" అంది నూబియా.

"బాగా చదువుతున్నానంటోంది."

"ఇంతసేపూ అదేనా?"

"చాలా బాగా చదువుతున్నానంటోంది."

టీచరు సొరుగులోంచి ఒక కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. ఒక అద్దం పగిలి ఉంది. ఒక కాడ లేనేలేదు.

"మరి ఇదేంటి?"

సరాయీ ఒక్క క్షణం ఆలోచించింది. "సైన్సు పాఠం."

నూబియా గుండెమీద చెయ్యి పెట్టుకుని, తనకు వచ్చిన ఒకే ఒక్క ఫ్రెంచి మాట నిండుగా పలికింది: "మెర్సీ." మదాం జోజియాన్ కుర్చీలో వెనక్కి వాలిపోయింది. (కూతురు పగలగొట్టిన కళ్ళజోడు చూసి తల్లి ధన్యవాదాలు చెప్పడం ఆవిడ ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో అదే మొదలు.)

అసలు సంగతి వారం తరవాత పై వాటా మదాం ఫిలొమేన్ చెప్పింది. ఫిలొమేన్‌ది హైతీ. కుర్రతనంలో పక్కదేశంలో హోటల్లో పనిచేసిన మూలాన నూబియా మాట్లాడే స్పానిష్ బాగా వచ్చు, ఎవరి గురించి ఏమనుకుంటోందో దాచుకోవడం రాదు.

"ఏం తల్లీ, నీ కూతురు ఒకడి కళ్ళజోడు తొక్కేస్తే టీచరుకి థాంక్స్ చెప్పొచ్చావంట? బడంతా నవ్వుతున్నారు."

"ఎవరు చెప్పారండీ?"

"మా మనవడు."

"వాడికెలా తెలుసు?"

"కళ్ళజోడు వాడిదే."

నూబియా మెట్లమీద కూలబడింది. కళ్ళజోడుకి క్షమాపణ చెప్పింది, కొత్తది కొనిపెడతానంది, ఫిలొమేన్ వద్దంది. చివరికి నూబియా ఒక నిర్ణయానికి వచ్చింది. వచ్చే నవంబరుకి ఆ టీచరు ముందు తనొక్కతే కూర్చోవాలి. తన పిల్ల గురించి తన చెవులతో వినాలి. పన్నెండు నెలలుంది.

"ఫ్రెంచి ఉచితమే తల్లీ" అంది ఫిలొమేన్, ఎవరికో ఒంట్లో బాగాలేదని తెలిసినప్పుడు మాట్లాడే గొంతుతో. "చేరడమే."

నూబియా ముందు ఫోను చేసింది. ఫ్రెంచిలో కొనసాగడానికి ఒకటి నొక్కమంది అవతలి రికార్డు గొంతు. ఫ్రెంచి రానివారు కూడా ఒకటే నొక్కి, రాదన్న సంగతి లైన్లోకి వచ్చిన ఉద్యోగికి ఫ్రెంచిలో తెలియజేయాలంది. తరవాత దరఖాస్తు తెచ్చుకుంది. అందులో నాలుగో పేజీ ఇలా ఉంది: "మీరు ఫ్రెంచి ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నారో రెండువందల మాటల్లో, స్వదస్తూరితో, ఫ్రెంచిలో రాయండి." పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు అన్న సూత్రంమీద నడిచే కార్యాలయాలు లోకంలో చాలా ఉన్నాయి, దాన్ని నాలుగో పేజీగా అచ్చువేయించినది ఇదొక్కటే.

మొదటిసారి ఆ పేజీ ఫిలొమేన్ రాసిపెట్టింది. మూడు వారాలకు జవాబు వచ్చింది: మీ ఫ్రెంచి చక్కగా ఉంది, మీకు క్లాసు అనవసరం, అభినందనలు. రెండోసారి సరాయీ చేత రాయించింది. దానికి నాలుగు రోజుల్లోనే జవాబు: "మీరు కోరిన ప్రకారం మీ పేరు తొలగించాం." (ఏం రాశావే అని అడిగితే, నువ్వు చెప్పిందే అంది సరాయీ.) మూడోసారి నూబియా గది తలుపేసుకుని, షాంపూ సీసా మీదివి, సూపు పొట్లం మీదివి, లిఫ్టు తలుపు మీదివి మాటలు ఏరి వరసగా రాసేసింది. తడిజుట్టుకు పట్టించి, మరగనిచ్చి, ప్రమాద సమయంలో మెట్లు వాడగలనని ఆ పేజీ సారాంశం. ఫ్రెంచి రాదన్నది సంతృప్తికరంగా రుజువైందని రాసి, కార్యాలయం ఆవిడకు 340వ నంబరు ఇచ్చింది.

నంబరు చేతికొస్తే సరిపోదు. పందొమ్మిదో నిబంధన ప్రకారం, నేర్చుకోవాలన్న ఆసక్తి చల్లారలేదని ప్రతి మంగళవారం పొద్దున్న ఏడున్నరకి స్వయంగా వచ్చి నిరూపించుకోవాలి. కార్యాలయం ఒక చర్చి కింద నేలమాళిగలో ఉండేది. తలుపు ముస్యో తెబెర్జ్ వచ్చి తొమ్మిదింటికి తెరిచేవాడు. జనవరిలో ఆ ఒకటిన్నర గంటలు బయట నిలబడితే చల్లారకుండా మిగిలేది ఆసక్తి ఒక్కటే.

క్యూలో నూబియా ముందు నబీ నిలబడేవాడు. అఫ్ఘానిస్తాన్‌లో దర్జీ, గడ్డం మీద ఎప్పుడూ ఇంత మంచు. వెనకాల మదాం తుయెత్, వియత్నాం నుంచి వచ్చిన పెద్దావిడ, కూతురి దుకాణంలో గోళ్ళకు రంగులు వేసేది. ఒకరి భాష ఒకరికి రాదు. ముగ్గురూ కాళ్ళు నేలకేసి కొట్టుకుంటూ ఎన్ని మంగళవారాలని మూగవాళ్ళలా నిలబడతారు? ఎదురింటివాళ్ళ నుంచి, రేడియో నుంచి, బస్సు డ్రైవరు తిట్ల నుంచి ఎవరికి దొరికిన ముక్క వాళ్ళు తెచ్చుకున్నారు, చలిమంటకి తలో పుల్లా తెచ్చినట్టు. మొదట "చివర ఎవరు?" వచ్చింది. తరవాత "ఆయన వస్తాడా?" వచ్చింది. "రాడు" వెంటనే వచ్చేసింది. మార్చికల్లా "నిన్న రావాల్సినవాడు ఇవాళ కూడా రాకపోతే రేపు వచ్చి ఏం లాభం" దాకా పాకింది. ఏప్రిల్లో నబీ తన పెద్దకొడుకు విడాకుల వ్యవహారం మొత్తం ఫ్రెంచిలో చెప్పాడు. తుయెత్ తప్పు కోడలిది కాదని ఫ్రెంచిలోనే వాదించింది.

"నబీగారూ, అంత పనిమంతులు కదా, ఈ కోటు గుండీ కాస్త కుట్టిపెట్టకూడదూ?" అంది ఒకరోజు నూబియా.

"ఉచితంగానా?"

"ఫ్రెంచి ఉచితం కాదూ, అలాగ."

"అయితే రెండేళ్ళాగమ్మా, నంబరిస్తాను."

తుయెత్ నవ్వీ నవ్వీ గోడ పట్టుకుంది. ఆ నవ్వుకి తలుపు తెరుచుకుని ముస్యో తెబెర్జ్ బయటికి తొంగిచూశాడు. సన్నగా, మర్యాదగా ఉండే మనిషి. ఎవరిమీదా ఎప్పుడూ అరవలేదు. క్యూ పొడుగునా వినిపిస్తున్న భాష ఏదో గుర్తుపట్టడానికి ఆయనకు కాస్త సమయం పట్టింది. గుర్తుపట్టాక ముఖం పాలిపోయింది.

తరవాతి మంగళవారానికి గోడమీద నోటీసు వెలిసింది. "క్యూలో ఫ్రెంచి మాట్లాడరాదు. క్లాసులో చేరకముందే భాష రావడం వల్ల స్థాయి నిర్ణయ పరీక్ష దెబ్బతింటుంది. అందరికీ సమానంగా రాకుండా ఉండేందుకు సహకరించగలరు." నోటీసు ఫ్రెంచిలోనే ఉంది. నబీ దాన్ని అందరికోసం పైకి చదివాడు, మొదటి హెచ్చరిక ఆయనకే పడింది.

నిబంధన అమలు చూడటానికి ఒక మౌన పర్యవేక్షకురాల్ని వేశారు. (టీచరు కోసమని మంజూరైన ఉద్యోగాన్నే ఇందుకు సర్దారు.) అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అని మనం ఊరికే అంటుంటాం, ఇక్కడ ఆ అమ్మ మెడలో గుర్తింపుకార్డు వేసుకుని క్యూ పక్కన తిరుగుతుండేది. జనం గుసగుసల్లోకి దిగారు. దానివల్ల ఉచ్చారణ ఇంకా మెరుగుపడింది, ఫ్రెంచి ఎంతైనా గుసగుసకు పనికొచ్చే భాష.

జూన్ నెలాఖరుకు నూబియా నంబరు పద్నాలుగుకి దిగింది. సెప్టెంబరులో మొదలయ్యే క్లాసులో చోట్లు పదిహేను. ఇంటికొచ్చి గోడమీది క్యాలెండరులో నవంబరు చుట్టూ ఎర్రగా సున్నా చుట్టింది. సరాయీ ఆ సున్నాకేసి అనుమానంగా చూసి వెళ్ళిపోయింది.

కానీ సెప్టెంబరు కంటే ముందు జులై ఒకటి వస్తుంది. ఆ ఊళ్ళో అద్దె ఒప్పందాలన్నీ ఒకే రోజున ముగుస్తాయి, ఒకే రోజున ఊరు ఊరంతా ఇళ్ళు మారుతుంది. నూబియా ఓనరు, తన దగ్గరి చుట్టమెవరో వస్తున్నారని వాటా ఖాళీ చేయించాడు. చవగ్గా కొత్త ఇల్లు బెలాంజే వీధికి అవతల నాలుగో గుమ్మంలో దొరికింది. పాత ఇంటి మెట్లమీద నిలబడి చూస్తే కొత్త ఇంటి కిటికీలో పూలకుండీ కనిపిస్తుంది. అంత దగ్గర.

జులై ఒకటిన వీధినిండా ఫ్రిజ్జులు. నూబియా పరుపు ఒక కొస పట్టుకుని, విల్మర్ రెండో కొస పట్టుకుని, ఉత్తరానికి వీధి దాటుతున్నారు. నడివీధిలో ముస్యో తెబెర్జ్, ఇంకో ఉద్యోగి నల్లబల్ల ఒకటి మోసుకుంటూ దక్షిణానికి దాటుతున్నారు. చర్చివాళ్ళు కార్యాలయాన్ని ఖాళీ చేయించారట. వాళ్ళు నేరుగా వెళ్ళి నూబియా అప్పుడే ఖాళీచేసిన వాటా ముందు ఆగారు. ఓనరు చెప్పిన దగ్గరి చుట్టం భాషా స్వాగత కార్యాలయమే. (ఒక కార్యాలయం ఒక మనిషికి ఏ వరసన చుట్టమవుతుందో ఎవరూ ఆరా తీయలేదు.)

ఆ ఇంటి మెట్లు బయటినుంచి మెలికలు తిరిగి పైకెక్కుతాయి. నల్లబల్ల మూడో మలుపులో ఇరుక్కుంది. ఉద్యోగి కిందినుంచి తోశాడు, తెబెర్జ్ పైనుంచి లాగాడు, కమ్మీ కిర్రుమంది. నూబియా చూసి చూసి ఉండబట్టలేక పరుపు నడివీధిలో వదిలేసింది.

"అలా కాదండీ! నిలువుగా తిప్పండి! ఎడంపక్కకి వంచండి, మీ ఎడమ కాదు, నా ఎడమ! ముస్యో తెబెర్జ్, వేలు తీయండి, వేలు! ఆ... ఇప్పుడు ఎత్తండి!"

నల్లబల్ల వెన్నలా లోపలికి జారిపోయింది. పై వాటాలోంచి ఫిలొమేన్ చప్పట్లు కొట్టింది. ముస్యో తెబెర్జ్ చెమట తుడుచుకుని, మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు చెప్పి, జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు.

"మీరిప్పుడు మాట్లాడింది ఫ్రెంచే కదా?"

"అవునండీ" అంది నూబియా, సిగ్గుపడుతూ.

ఆయన రాసుకున్నాడు. ఇంకో సంగతి కూడా రాసుకున్నాడు. వీధికి ఉత్తరాన ఉన్నవాళ్ళు వేరే మండలం కిందికి వస్తారు. ఆవిడ పద్నాలుగో నంబరు దక్షిణానికి చెందింది, మనిషితోపాటు వీధి దాటదు. కొత్త మండలంలో ఆవిడకు పన్నెండువందల ఆరో నంబరు వచ్చింది. సెప్టెంబరులో నూబియా పాత పడగ్గదిలో పదిహేనుమంది ఫ్రెంచి నేర్చుకోవడం మొదలుపెట్టారు. కిటికీ తెరిచి ఉంటే ఇవతలికి వినిపించేది. విన్నానని తెలిస్తే ఇబ్బందని ఆవిడే తన కిటికీ మూసుకునేది.

అక్టోబరులో పిలుపు వచ్చింది, క్లాసుకి కాదు, క్లాసు లేకుండా ఫ్రెంచి ఎలా వచ్చిందన్న విచారణకి. కార్యాలయం తరఫున ముగ్గురు సభ్యుల కమిటీ కూర్చుంది. నూబియా మందుల షాపు గురించి, నడుంనొప్పి గురించి, నబీ కొడుకు విడాకుల గురించి ఇరవై నిమిషాలు తడుముకోకుండా మాట్లాడింది. అధ్యక్షురాలు శ్రద్ధగా విని తలూపింది.

"చాలా బాగుందమ్మా. ఎక్కడిదిది?"

"క్యూలో వచ్చిందండీ."

"క్యూలో ఫ్రెంచి నిషేధం కదా?"

"నిషేధానికి ముందు వచ్చిందండీ."

"ముందు ఎంత వచ్చింది, తరవాత ఎంత వచ్చింది? విడదీసి చెప్పగలరా?"

నూబియా విడదీయలేకపోయింది. కమిటీ ఫైల్లో ఇలా రాసింది: "ఫ్రెంచి: ఉన్నది. వచ్చిన మార్గం: ఆమోదితం కాదు." ఇలాంటి ఫ్రెంచిని క్రమబద్ధం చేయించుకోవాలంటే క్లాసుకి హాజరైనట్టు పత్రం ఉండాలి. క్లాసులో చేరాలంటే ఫ్రెంచి ఉండకూడదు. అందాకా ప్రభుత్వ రికార్డుల్లో ఆవిడకు ఫ్రెంచి రానట్టే లెక్క.

"అప్పటిదాకా దాన్ని వాడకుండా ఉంటే మీకే మంచిది" అంది అధ్యక్షురాలు దయగా.

"ఇంట్లో వాడుకోవచ్చా అండీ?"

"ఇంట్లో మీ ఇష్టం. ప్రభుత్వ ఆవరణల్లో మాత్రం వద్దు."

"బడి?"

"బడి ప్రభుత్వానిదేగా" అంది ఆవిడ, ఫైలు మూస్తూ.

నవంబరు వచ్చింది. క్యాలెండరులో ఎర్రసున్నా చుట్టిన ఆ నెలలో, బడివాళ్ళు పిలిచిన సాయంత్రం నూబియా తన మంచి కోటు వేసుకుని (గుండీ నబీ ఎప్పుడో కుట్టిపెట్టాడు) ఒంటరిగా బడికి బయల్దేరింది. గుమ్మంలోనే ఆపారు. రికార్డులో "తల్లి: ఫ్రెంచి రాదు. నమోదైన దుబాసీ: సరాయీ, పదేళ్ళు" అని ఉంది. దుబాసీ లేకుండా తల్లిని లోపలికి పంపడం నిబంధనలకు విరుద్ధం. ఇంటికి ఫోను చేసి దుబాసీని పిలిపించారు.

మదాం జోజియాన్ ఎదురుగా ఇద్దరూ కూర్చున్నారు. నూబియా ముందుకు వంగి మెల్లగా ఫ్రెంచిలో అంది: "మదాం, మీరు నాతోనే మాట్లాడొచ్చు. నాకు అర్థమవుతుంది."

టీచరు తలుపువైపు చూసింది. "మీరిప్పుడు అన్నది నాకు వినపడలేదమ్మా" అంది, అంతకంటే మెల్లగా. "వినపడితే రాయాలి." తరవాత గొంతు పెంచి సరాయీకేసి తిరిగింది. "మీ అమ్మకు చెప్పు. మేం ఇంటికి పంపిన మూడు ఉత్తరాలమీదా మీ అమ్మ సంతకం నువ్వే పెట్టావని చెప్పు. ఈ ఏడాది ఇంకో ముగ్గురు పిల్లల తల్లిదండ్రులకి కూడా దుబాసీగా వెళ్తున్నావు, మీటింగుకి రెండు చాక్లెట్లు తీసుకుంటున్నావు. ఆ ముగ్గురి మార్కులూ వాళ్ళ ఇళ్ళల్లో పెరుగుతున్నాయి, ఇక్కడ పెరగడం లేదు. అది కూడా చెప్పు."

టీచరు ఆగి, ఒక నోటుపుస్తకం తెరిచింది. 

"ఇంకోటి. నీకు భయం వేసేది ఏమిటో రాయమన్నాను. అందరూ దెయ్యాలు, కుక్కలు రాశారు. నువ్వేమో, 'మా అమ్మకి ఫ్రెంచి వచ్చేస్తే ఇంక నాతో పనుండదు' అని రాశావు. ఇది తప్పకుండా చెప్పు."

సరాయీ తల్లివైపు తిరిగింది. ముఖం కడిగిన పళ్ళెంలా ఉంది.

"బాగా చదువుతున్నానంటోంది."

నూబియా ఏడాదిపాటు ఎదురుచూసిన క్షణం ఇదే. క్యూలో నిలబడి పోగుచేసుకున్న ప్రతి ముక్కా ఈ ఒక్క పూట కోసమే. ఆవిడ నోటుపుస్తకంలోని ఆ వంకరటింకర అక్షరాలకేసి చూసింది. కూతురి చెయ్యి బల్లకింద వెతికి పట్టుకుని స్పానిష్‌లో, నిబంధనల ప్రకారం, అంది:

"టీచరుగారికి చెప్పు. సంతకాలు, చాక్లెట్లు, కళ్ళజోడు, ఆ పుస్తకంలో రాసింది కూడా, మా అమ్మకి అంతా అర్థమైందని చెప్పు. ఎంత ఫ్రెంచి వచ్చినా నీతో పనుంటుందని చెప్పు. ఇవాళ రాత్రికి గిన్నెల పని ఉందని కూడా చెప్పు."

సరాయీ చేతిని విడిపించుకోలేదు. ముక్కు ఒకసారి ఎగబీల్చింది. టీచరువైపు తిరిగి చిన్న గొంతుతో అంది: "మా అమ్మకి అంతా అర్థమైందంట." (ఆ దుబాసీ ఉద్యోగ జీవితంలో ఉన్నది ఉన్నట్టు చెప్పిన మొదటి మాట అదే. గిన్నెల సంగతి మాత్రం వదిలేసింది.)

మదాం జోజియాన్ కళ్ళు ఒత్తుకుని ఫారం నింపింది. "తల్లికి అర్థమైనదా? అయినది. దుబాసీ సేవ: తృప్తికరం." నూబియా కింద సంతకం చేసింది. అసలైన సంతకం ఫైల్లో ఉన్న మిగతా మూడింటితో సరిపోలలేదు కాబట్టి రెండుసార్లు చేయించుకున్నారు.

ఆ ఫారం బడినుంచి భాషా స్వాగత కార్యాలయానికి చేరింది. అక్కడ దేన్నీ తేలిగ్గా తీసుకోరు. డిసెంబరులో ముస్యో తెబెర్జ్ సంతకంతో ఉత్తరం వచ్చింది: "మీకు దుబాసీ సేవ తృప్తికరంగా అందుతున్నందున, మీకు ఫ్రెంచి అవసరం లేదని నిర్ధారించి, పన్నెండువందల ఆరో నంబరును రద్దుచేయడమైనది. ఈ ఉత్తరం అర్థం కాని పక్షంలో మీ దుబాసీ చేత చదివించుకోగలరు."

నూబియా రెండుసార్లు చదువుకుంది. తరవాత, నిబంధనల మీద ఉన్న గౌరవం కొద్దీ, గిన్నెలు తుడుస్తున్న కూతురి చేతికిచ్చింది. సరాయీ చేతులు గౌనుకి తుడుచుకుని, కాగితం వెలుతురుకి పట్టి, చివరిదాకా చదివింది. మడిచి తల్లి చేతిలో పెట్టింది.

"బాగా చదువుతున్నావంటమ్మా" అంది.